కార్డుకి రెండో క్రిస్మస్

క్రిస్మస్ కార్డు ఎవరి ఆలోచనో ఏడాదితో సహా చెప్పొచ్చు. 1843లో లండన్‌లో హెన్రీ కోల్ అనే ప్రభుత్వోద్యోగి అచ్చు వేయించాడు. పండగ అయిపోయాక ఆ కార్డుని ఏం చేసుకోవాలన్నది మాత్రం ఆయన పట్టించుకోలేదు. దాని సంగతి ఇళ్లలోని ఆడవాళ్లు, పిల్లలు చూసుకున్నారు. ఒక కత్తెర, ఇంత జిగురు, పారేయడానికి మనసొప్పని ఒక బొమ్మ ఉన్న ప్రతి ఇంట్లోనూ పాత కార్డుని మళ్లీ వాడుకునే ఆలోచన కొత్తగా పుట్టింది. అందుకే దానికి పేటెంటు లేదు, పుట్టినరోజూ లేదు. నాకు కార్డు కథకంటే ఈ రెండో కథే గొప్పదనిపిస్తుంది. అది మన ఎన్టీఆర్ జిల్లా రెడ్డిగూడెం మామిడి తోటల దాకా ఎలా నడిచొచ్చిందో చెబుతాను.

ముందు కోల్ సంగతి. ఇంగ్లండ్‌లో 1840లో పెన్నీ తపాలా వచ్చింది. దేశంలో ఎంత దూరమైనా ఒక్క పెన్నీకి ఉత్తరం చేరుతుంది. ఆ పద్ధతి తేవడంలో రోలండ్ హిల్ పక్కన నిలబడి పనిచేసినవాళ్లలో కోల్ ఒకడు. ఉత్తరాలు చవకయ్యేసరికి జనం విపరీతంగా రాయడం మొదలుపెట్టారు. క్రిస్మస్ వచ్చిందంటే కోల్ బల్ల మీద గుట్టలు. వచ్చిన ఉత్తరానికి జవాబు రాయకపోవడం ఆ రోజుల్లో పెద్ద అమర్యాద, ఆయనకేమో ఊపిరాడని పనులు. చిత్రకారుడైన స్నేహితుడు జాన్ కాల్‌కాట్ హార్స్‌లీని పిలిచి, అందరికీ ఒకే జవాబుగా సరిపోయే బొమ్మ ఒకటి గీసిమ్మన్నాడు. రాతి అచ్చు మీద వెయ్యి ప్రతులు తీసి, రంగులు చేత్తో అద్దించారు. తనకు కావలసినవి ఉంచుకుని తక్కినవి ఒక్కోటి షిల్లింగుకి అమ్మకానికి పెట్టాడు. షిల్లింగంటే పన్నెండు పెన్నీలు. ఒక్క కార్డు డబ్బుతో పన్నెండు ఉత్తరాలు వేసుకోవచ్చు. మొదటి క్రిస్మస్ కార్డు పేదవాడు కొనుక్కునే సరుకు కాదు.

ఆ కార్డు మీద మూడు బొమ్మలున్నాయి. నడుమ ఒక కుటుంబం బల్ల చుట్టూ చేరి గ్లాసులెత్తుతోంది. అందులో ఒక చిన్నపిల్లకి కూడా ద్రాక్షారసం తాగిస్తున్నారని మద్యం మాన్పించే సంఘాలవాళ్లు గొడవ చేశారు. కార్డు చరిత్ర రాసేవాళ్లు చాలామంది ఆ గొడవ దగ్గరే ఆగుతారు. నేను ఆగేది అటూ ఇటూ ఉన్న చిన్న బొమ్మల దగ్గర. ఒకదాంట్లో ఆకలిగొన్నవాళ్లకి తిండి పెడుతున్నారు, రెండోదాంట్లో బట్టల్లేనివాళ్లకి బట్ట కప్పుతున్నారు. ఉన్నవాళ్ల దగ్గర మిగిలింది లేనివాళ్లకి చేరడం మొదటి కార్డు అంచుల్లోనే గీసి ఉంది. ఆ తర్వాత కార్డే ఆ దారి పట్టింది.

అదే 1843లో, ఆ కార్డుకి ఏ సంబంధమూ లేకుండా, మన బందరులో రాబర్ట్ నోబుల్ బడి తెరిచాడు. తర్వాత అదే నోబుల్ కాలేజీ అయింది. నోబుల్, హెన్రీ ఫాక్స్ 1841లో వచ్చి మొదలుపెట్టిన చర్చి మిషనరీ సొసైటీ పని తర్వాతి దశాబ్దాల్లో ఏలూరు, బెజవాడ, ఖమ్మం, దుమ్ముగూడెం దాకా పాకింది. రెడ్డిగూడెం బెజవాడకి ఉత్తరాన, ఆ దారులకి దగ్గర్లోనే ఉంది. కార్డు, బడి ఒకే ఏడాది పుట్టడం కాకతాళీయం. కానీ ఆ కార్డులు ఇలాంటి బళ్లను వెతుక్కుంటూ సముద్రం దాటి వచ్చాయి, అది మాత్రం కాకతాళీయం కాదు.

అలా రావాలంటే ముందు కార్డు చవక కావాలి, అందంగానూ ఉండాలి. ఆ రెండు పనులూ అచ్చు యంత్రాలు చేశాయి. ప్రష్యాలోని బ్రెస్లౌలో పుట్టి, 1850లో అమెరికా వెళ్లి, బోస్టన్‌లో అచ్చుకూటం పెట్టిన లూయీ ప్రాంగ్ రాతి అచ్చులో రంగులు పలికించడంలో ఆరితేరినవాడు. ఒక్కో రంగుకి ఒక్కో రాయి. కాగితాన్ని ఒక రాయి మీద నుంచి తీసి, ఆరబెట్టి, వెంట్రుకవాసి తేడా రాకుండా ఇంకో రాయి మీద పెట్టి అద్దాలి. ఇలా పదేసి, ఇరవయ్యేసి రాళ్ల మీదుగా నడిచి వచ్చిన గులాబీ పువ్వుని ఒకసారి ఊహించుకోండి. 1870లలో ఆయన కార్డులు ముందు ఇంగ్లండ్‌లో, ఆ వెంటనే అమెరికాలో అమ్ముడయ్యాయి. కొన్నిటికి అంచుల చుట్టూ సిల్కు కుచ్చులు కూడా కుట్టేవారు. అదే దశాబ్దంలో బ్రిటన్‌లో అర పెన్నీ తపాలా వచ్చి కార్డు మామూలు ఇళ్లకి చేరింది.

ఇంట్లో రంగుబొమ్మన్నదే అరుదైన కాలమది. గోడ మీద పటం కొనగలిగినవాళ్లు కొద్దిమంది. అలాంటి ఇంటికి డిసెంబరులో తపాలావాడు ఒక చిన్న రంగుల పటం తెచ్చి ఇచ్చిపోతే, జనవరిలో దాన్ని పొయ్యిలో వేయడానికి ఎవరికి చేతులొస్తాయి? ఆ చేతులు రాకపోవడంలోనే ఈ విద్య పుట్టింది. ఆల్బములు కుట్టుకుని కార్డులు అంటించారు. పువ్వులు, పిట్టలు, దేవదూతలు విడివిడిగా కత్తిరించి చెక్కపెట్టెల మీద, గదికి అడ్డం పెట్టే తెరల మీద అతికించారు. డెన్మార్క్ కథల రచయిత హాన్స్ క్రిస్టియన్ ఆండర్సన్ 1873-74 చలికాలంలో జబ్బుతో ఇల్లు కదలలేక, పోగైన బొమ్మలన్నీ కత్తిరించి ఎనిమిది భాగాల తెర ఒకటి తయారుచేసుకున్నాడు. ఇంగ్లండ్ రాణి మేరీ తనకొచ్చిన కార్డులు ఆల్బముల్లో దాచుకుంది, అవి ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. రాణి దాచుకున్నవి చెక్కుచెదరకుండా మిగిలాయి. నాకు మాత్రం కత్తెరపడ్డ కార్డుల మీదే మమకారం, అవి ఇంకొకరి చేతికి వెళ్లాయి కాబట్టి.

ఎవరి చేతికంటే, ముందుగా ఆసుపత్రి పిల్లల చేతికి. పాత కార్డుల బొమ్మలు గుడ్డ పేజీల మీద అంటించి, చింపినా చిరగని పుస్తకాలు కుట్టి, పిల్లల వార్డులకి పంపడం ఇంగ్లండ్ ఇళ్లలో చలికాలపు పని అయింది. ఆదివారం సాయంత్రాలు పిల్లల్ని కూర్చోబెట్టి చేయించేవారు. మంచం దిగలేని పిల్లకి ఆ పుస్తకంలో మంచుకొండ, గుర్రబ్బండి, గంటలు కట్టిన గోపురం కనిపించేవి.

ఆ తర్వాత మిషన్ల వంతు. ఇంగ్లండ్, అమెరికా చర్చిల్లోని స్త్రీల సమాజాలు క్రిస్మస్ వెళ్లగానే సభ్యుల ఇళ్ల నుంచి పాత కార్డులు పోగుచేసేవి. చేవ్రాలు ఉన్న సగాన్ని కత్తిరించి తీసేసి, బొమ్మ ఉన్న సగాన్ని కట్టలు కట్టి భారతదేశానికి, ఆఫ్రికాకి పార్సిలు చేసేవి. ఇక్కడ అవి సండే స్కూలు బహుమతులు. వారం వారం తప్పకుండా వచ్చినవాళ్లకి ఒకటి, కంఠత వాక్యం తప్పుల్లేకుండా ఒప్పజెప్పినవాళ్లకి ఒకటి. కార్డు వెనకవైపు ఖాళీగా ఉంటుంది కదా, అక్కడ వాక్యం రాసిచ్చేవారు. ఒకవైపు ఎవరూ చూడని దేశపు మంచు, ఇంకోవైపు ఇక్కడి అక్షరాలు. పార్సిలు కట్టినామెకి అది పాత కాగితం, అందుకున్న పిల్లకి జీవితంలో మొదటిసారి సొంతమైన రంగుబొమ్మ.

ఆ బొమ్మల్లో ఎర్ర రొమ్ము పిట్ట ఒకటి తరచుగా ఉండేది. రాబిన్ పిట్ట. దాన్ని క్రిస్మస్ కార్డుల మీద ఎందుకు వేశారంటే, ఆ రోజుల బ్రిటన్ తపాలా బంట్రోతులు ఎర్ర కోటు వేసుకునేవారు, వాళ్లని జనం ముద్దుగా రాబిన్ అనేవారు. అందుకే పాత కార్డుల్లో ఆ పిట్ట ముక్కున ఉత్తరం పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంటుంది. ఎండలు మండే మన పల్లెల్లో మంచు ఎందుకని ఈ కార్డుల్ని తప్పుపట్టేవాళ్లుంటారు. నేను ఒప్పుకోను. పిల్లలకి దూరదేశం చూపించే కిటికీ ఏదైనా మంచిదే, దాని చుట్టూ కట్టే చట్రం మనదైతే చాలు.

చట్రం మనది కావాలన్న పట్టుదల ఉన్న మనిషి ఒకాయన తెలుగు నేల మీద పనిచేశాడు. 1912 డిసెంబరు 29న బిషప్పుగా అభిషేకం పొందిన వేదనాయగం శామ్యూల్ అజరయ్య. ఆంగ్లికన్ చర్చిలో ఆ పదవి అందుకున్న మొదటి భారతీయుడు ఆయనే, ఆయన పీఠం డోర్నకల్. 1939లో ప్రతిష్ఠ జరిగిన అక్కడి ఎపిఫనీ కెథడ్రల్‌లో గుడి, మసీదు, చర్చి వాస్తు రీతులు మూడూ కలిసి కనబడతాయి. భజనలు, పండగలు, ఊరేగింపులు మన పద్ధతిలోనే సాగాలని ఆయన తపన. తెలుగు పల్లెల్లో క్రిస్మస్‌కి దేవదారు కొమ్మల వలయం బదులు గుమ్మానికి మామిడాకుల తోరణం కట్టడం చూసినప్పుడల్లా నాకు ఆ కెథడ్రల్ గుర్తొస్తుంది. మామిడాకుకీ మామిడాకుకీ మధ్య ఒక పాత కార్డు ముక్క వేలాడితే ఆ తోరణంలో లండన్, రెడ్డిగూడెం పక్కపక్కన ఊగుతాయి.

నిజానికి అచ్చుబొమ్మని పారేయకుండా దాచుకోవడం మనకి మిషనరీలు నేర్పిన విద్యేమీ కాదు. రాజా రవివర్మ 1894లో బొంబాయిలో అచ్చుకూటం పెట్టాక లక్ష్మి, సరస్వతి పటాలు ఇంటింటికీ చేరాయి. వాటిలోని దేవతల చీరలకి నిజం గుడ్డ అతికించి, జరీ కుట్టి, తళుకులు, పూసలు అద్ది చట్రం కట్టించిన పటాలు పాత ఇళ్లలో ఇప్పటికీ కనిపిస్తాయి. అచ్చయిన బొమ్మకి ఇంటి ఆడవాళ్లు చేసిన అలంకారం అది. ఇక క్యాలెండరు సంగతి చెప్పనే అక్కర్లేదు. ఏడాది తిరగ్గానే దేవుడి బొమ్మ గోడకెక్కేది, తేదీల కాగితాలు బడి పుస్తకాలకి అట్టలయ్యేవి. జూన్‌లో పుస్తకాలు రాగానే నున్నటి వైపు పైకి రావాలా లోపలికి పోవాలా అని అన్నదమ్ములు పోట్లాడుకున్న ఇళ్లెన్నో.

ఆ క్యాలెండర్లు, మన గ్రీటింగు కార్డులూ ఎక్కువగా వచ్చింది శివకాశి నుంచి. అక్కడి అయ్య నాడార్, షణ్ముగ నాడార్ 1922లో కలకత్తా వెళ్లి అగ్గిపెట్టెల తయారీ నేర్చుకొచ్చారు. అగ్గిపెట్టెకి లేబులు కావాలి, లేబులుకి అచ్చుకూటం కావాలి. ఆ అచ్చుకూటాలే పెరిగి పెరిగి దేశానికి క్యాలెండర్లు, కార్డులు పంచాయి. 1979లో ఢిల్లీలో ఆర్చీస్ కార్డుల కంపెనీ మొదలైంది. అదే ఏడాది బొంబాయిలో రిప్పన్ కపూర్ యాభై రూపాయలతో, ఆరుగురు స్నేహితులతో పిల్లల హక్కుల కోసం క్రై సంస్థ పెట్టాడు, దానికి చాలాకాలం కార్డుల అమ్మకమే ఆదరువు. మన పట్నాల్లో డిసెంబరు వచ్చిందంటే బుక్ స్టాళ్ల ముందు బల్లలేసి కార్డులు పరిచేవారు. సినిమా హీరోలు, గులాబీలు, కాశ్మీరు లోయలు, పశువుల పాక, ముగ్గురు జ్ఞానులు. క్రిస్మస్, కొత్త సంవత్సరం, సంక్రాంతి మూడూ ఒకే బల్ల మీద. కవరు నాలిక అంటించకుండా లోపలికి మడిచి, తక్కువ స్టాంపుతో బుక్ పోస్టులో వేసేవాళ్లం.

కాగితం కరువైన కాలాలే ఈ విద్యకి పదును పెట్టాయి. రెండో ప్రపంచయుద్ధంలో బ్రిటన్‌లో కాగితం రేషనయింది. పండగ గొలుసులు పాత పత్రికలకి రంగేసి, పాత కార్డులు ముక్కలు చేసి కట్టుకున్నారు. యుద్ధం ముగిశాక చెకోస్లోవేకియాలోని ఒక పల్లెలో యిట్కా సామ్‌కోవా అనే ఏడేళ్ల పిల్ల, యూనిసెఫ్ పంపిన సాయానికి కృతజ్ఞతగా ఒక బొమ్మ వేసింది. కాగితం దొరక్క గాజుపలక మీద వేసింది. పూలదండ కట్టిన స్తంభం చుట్టూ పిల్లలు ఆడుతున్న బొమ్మ. 1949లో యూనిసెఫ్ దాన్నే తన మొదటి గ్రీటింగు కార్డుగా అచ్చు వేసింది. అమెరికాలో నెవాడా రాష్ట్రం బౌల్డర్ సిటీలో సెయింట్ జూడ్స్ రాంచ్ అనే పిల్లల ఆశ్రమం ఉంది. అక్కడికి జనం తపాలాలో పాత కార్డుల ముందు సగాలు పంపేవారు. పిల్లలు వాటిని కొత్త అట్టకి అంటించి మళ్లీ కార్డులు చేసేవారు, అమ్మిన డబ్బులో వాళ్లకీ వాటా ఉండేది. పాత కార్డుని చేతిపనిగా మార్చడాన్ని ఒక సంస్థగా నిలబెట్టినవాళ్లలో నాకు బాగా నచ్చినవాళ్లు వీళ్లే.

ఇక రెడ్డిగూడెం. 2022 ఏప్రిల్‌లో కొత్త జిల్లాలు వచ్చాక ఈ మండలం కృష్ణా నుంచి విడిపోయి ఎన్టీఆర్ జిల్లాలో, తిరువూరు రెవెన్యూ డివిజన్‌లో చేరింది. నూజివీడు, మైలవరం ప్రాంతాల్లాగే ఇక్కడా బంగినపల్లి, రసాలు, కలెక్టరు కాయల తోటలు. డిసెంబరు చివరికి చెట్ల మీద పూత తొంగిచూస్తుంది. వరి కోతలై గడ్డి చేతికొస్తుంది, ఆ గడ్డే చర్చిలో పశువుల పాకకి కప్పు. నెల మొదట్లోనే వెదురు బద్దలతో నక్షత్రం కట్టి, రంగు కాగితం అంటించి, లోపల బల్బు పెట్టి, ఇంటి మీద గెడకి ఎత్తుతారు. ఊరూరా సెమీ క్రిస్మస్‌లు, రాత్రిళ్లు క్యారల్స్. ఇన్ని పనుల మధ్య సండే స్కూలు పిల్లలకి చేతినిండా పని కావాలి, పాత కార్డులు అందుకే ఉన్నాయి.

ఇక్కడ నా చేతుల మీదుగా తెలిసిన రెండు పనులు వివరంగా చెప్పాలనుంది. మొదటిది పెట్టె. ఒక్క కార్డులో మూత, అడుగు రెండూ వస్తాయి. మడత దగ్గర కార్డుని రెండుగా కోయాలి. బొమ్మ సగం మూత, రాత సగం అడుగు. అడుగు మూతలో దూరాలి కాబట్టి, దాన్ని పొడవులో ఒక పక్క, వెడల్పులో ఒక పక్క మూడు మిల్లీమీటర్ల చొప్పున కత్తిరించి తగ్గించాలి. ఈ మూడు మిల్లీమీటర్లు మరిచిపోతే పెట్టె మూసుకోదు. తర్వాత నాలుగు అంచుల నుంచి అంగుళం చొప్పున లోపలికి గీతలు గీయాలి. సిరా అయిపోయిన బాల్ పెన్నుతో, స్కేలు ఆన్చి, గట్టిగా ఒకే లాగు లాగితే అట్ట మీద గాడి పడుతుంది, మడత ఆ గాడి వెంటే తిన్నగా వంగుతుంది. నాలుగు మూలల్లో ఒక గీత మీద మాత్రం అడ్డంగీత దాకా కత్తెర వేసి, తెగిన చెవిని లోపలికి మడిచి అంటిస్తే గోడ నిలబడుతుంది. ఆరంగుళాల పొడవు, నాలుగంగుళాల వెడల్పు కార్డయితే నాలుగు బై రెండు పెట్టె వస్తుంది. నాలుగు రోజ్ కుకీలు పట్టవు గానీ, గుప్పెడు చాక్లెట్లో, ఒక జత గాజుపూసల దిద్దులో హాయిగా పడతాయి. పెట్టె అడుగున పంపినవాళ్ల చేతిరాత అలాగే ఉంటుంది. తెరిచినవాళ్లకి అది కనిపించాలి, దాని మీద ఏదీ అంటించకండి.

రెండోది ఇరవై గుండ్రాల బంతి. పిల్లలు దీనికోసం ప్రాణం పెడతారు. గాజు ఆన్చి గీసుకుంటే ఇరవై గుండ్రాలూ ఒకే కొలతలో వస్తాయి. ఒక గుండ్రంలో మూడు భుజాలూ సమానమైన త్రికోణం గీయాలి. వృత్తలేఖిని కాళ్లని వ్యాసార్ధమంత తెరిచి, అంచు వెంట ఒక్కో అడుగు వేసుకుంటూ పోతే సరిగ్గా ఆరు చుక్కలు పడతాయి. ఒకటి విడిచి ఒకటి కలిపితే త్రికోణం సిద్ధం. దాన్ని కత్తిరించి, అచ్చుగా మిగతావాటి మీద పెట్టి గీసుకోవాలి. ప్రతి గుండ్రానికీ త్రికోణం బయట మిగిలిన మూడు రెప్పల్నీ పైకి మడవాలి. ఇక రెప్పకి రెప్ప అంటించుకుంటూ పోవడమే. అయిదు గుండ్రాలు ఒక కొన చుట్టూ చేర్చితే ఒక టోపీ. అలాంటివి రెండు. మిగతా పదీ ఒకటి నిటారుగా, ఒకటి తలకిందులుగా పేర్చి అంటిస్తే ఒక పట్టీ, దాని రెండు చివరలూ కలిపితే వలయం. వలయానికి పైనొక టోపీ, కిందొక టోపీ. మొత్తం ముప్పై అతుకులు.

"అమ్మగారూ, ఇది బల్లపరుపుగానే ఉంటోందండీ, గుండ్రంగా తిరగట్లేదు," అంటాడు ఒకడు.

"ఒక కొన దగ్గర ఎన్ని పెట్టావు నాన్నా?"

"ఆరండీ."

"అదే మరి. ఒకటి తీసెయ్."

ఆరు త్రికోణాలు ఒక చుక్క చుట్టూ చేరితే ఖాళీ లేకుండా నేలకి పరుచుకుంటాయి. ఒకటి తీసి అంచులు దగ్గరికి లాగితే నడుమ పైకి లేస్తుంది. బడిలో ఈ లెక్క బోర్డు మీద చెబితే ఎక్కనివాడికి చేతిలో పాత కార్డుతో ఎక్కుతుంది. జర్మనీలో నీస్కీ అనే ఊళ్లోని మొరేవియన్ క్రైస్తవుల బడిలో 1830లలో పిల్లలకి క్షేత్రగణితం నేర్పడానికి చేయించిన కోణాల కాగితపు నక్షత్రమే తర్వాత హెర్న్‌హూట్ నక్షత్రంగా ఊరూరా వెలిగింది. లెక్కల పాఠం పండగ దీపం కావడం కొత్త సంగతి కాదు.

జిగురు గురించి రెండు మాటలు. దుకాణంలో డబ్బా దొరుకుతుంది, దాంతో పని సులువే. కానీ ఈ జిల్లాలోనే కొండపల్లి ఉంది. అక్కడి బొమ్మల కళాకారులు తెల్లపొణికి కర్రలో విడివిడిగా చెక్కిన కాళ్లు, చేతులు అతకడానికి చింతగింజల పొడితో, రంపపు పొట్టుతో మక్కు తయారుచేసుకుంటారు. చింతగింజల పొడిని నీళ్లలో ఉడికిస్తే వచ్చే జిగురు కాగితానికి బ్రహ్మాండంగా పడుతుంది. మైదా ఉడికించినదైనా పర్వాలేదు, పురుగు పట్టకుండా కలిపే మైలుతుత్తం మాత్రం విషం, పిల్లలు చేసే పనిలో అది వద్దు. చిన్న ముక్కలకైతే పూర్వంలాగా అన్నం మెతుకు చాలు.

ఇప్పుడు అసలు చిక్కు. కార్డులేవీ? శుభాకాంక్షలన్నీ ఫోన్లోకి వెళ్లాయి. ఒక ఇంటికి ఏడాదికి ఒక్క క్రిస్మస్ కార్డు వస్తే గొప్ప. బంతికి ఇరవై గుండ్రాలు కావాలి. అయితే కార్డు అట్ట మన ఇళ్లలో లేకుండా పోలేదు, శుభలేఖ రూపంలో అంతకంటే దిట్టంగా వస్తోంది. విజయవాడలో అచ్చయ్యే శుభలేఖ ఇప్పుడు ఒక కార్డు కాదు, పెట్టెలో పెట్టె. బంగారు పూత, ఉబ్బెత్తు నెమళ్లు, లేజరుతో కోసిన తామరలు. పెళ్లి అయిపోయాక దాన్ని పారేయనూ లేరు, దాచనూ లేరు. మొదటి పుటలో వినాయకుడో, వెంకటేశ్వరస్వామో ఉంటాడు, నాలుగు మూలలా పసుపు పెట్టి ఇచ్చి ఉంటారు. చెత్తలో వేయడానికి చెయ్యి రాదు. అలా అటక మీద కట్టలు పేరుకుంటాయి. చాలా శుభలేఖలకి పైన ప్లాస్టిక్ పొర, తళుకు పొడి ఉంటాయి కాబట్టి పాత కాగితాలవాడికేసినా మళ్లీ కాగితం కావడం కష్టం, కాలిస్తే కంపు పొగ. వాటికి కత్తెరే సరైన దారి.

దానికి ఒక మర్యాద ఉంది. ఇరుగుపొరుగు హిందువుల ఇళ్ల నుంచి శుభలేఖలు అడిగి తెచ్చుకుంటే, ముందుగా దేవుడి బొమ్మని జాగ్రత్తగా కత్తిరించి వేరుగా పెట్టి, ఆ ఇంటికే తిరిగిచ్చేయాలి. వాళ్లు దేవుడి గూట్లో పెట్టుకుంటారో, కాలవలో కలుపుతారో వాళ్ల ఇష్టం. పెళ్లివారి పేర్లు, ఫోను నంబర్లు ఉన్న కాగితం కూడా పక్కన పెట్టాలి. ఆ తర్వాత మిగిలే బంగారు అంచులు, నెమళ్లు, తామరలు, ఎర్రటి దళసరి అట్ట, ఇవన్నీ నక్షత్రానికి, బంతికి, పెట్టెకి. నెమలి ఈకల బంతి క్రిస్మస్ చెట్టుకి వేలాడితే ఏ రాబిన్ పిట్టకీ తీసిపోదు.

రోజులు కూడా కలిసొస్తాయి. కార్తీక, మార్గశిర మాసాల్లో ముహూర్తాలుంటే శుభలేఖలు గుట్టగా వస్తాయి. డిసెంబరు నడిమిలో ధనుర్మాసం పట్టగానే పెళ్లిళ్లు ఆగుతాయి, అప్పటికి అచ్చయినవన్నీ పని తీరిన కార్డులే. క్రిస్మస్ సరిగ్గా ఆ ఆగిన రోజుల్లో వస్తుంది. పొరుగింటికి వెళ్లి, "అక్కా, మీ శుభలేఖలుంటే ఇస్తారా, పిల్లలు నక్షత్రాలు చేస్తారట," అని అడగడానికి అంతకంటే మంచి వారం లేదు. పండగయ్యాక ఆ అట్టతోనే చేసిన పెట్టెలో నాలుగు అరిసె ముక్కలు పెట్టి ఆ ఇంటికే పంపొచ్చు. సంక్రాంతి దాటి మాఘం వచ్చిందంటే మళ్లీ ముహూర్తాలు, మళ్లీ శుభలేఖలు. వాటిని తడి తగలని సంచిలో వేసి అటకెక్కించే పని ఇంట్లో ఒకరికి అప్పగిస్తే వచ్చే డిసెంబరుకి ఇరవై గుండ్రాలకి వెతుక్కోనక్కర్లేదు.